సాయంత్రం ఆరింటికి షుగర్ ఎందుకు ఎక్కుతుంది?

మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం. దానికి తగ్గ ఇన్సులిన్ సూది వేసుకున్నారు. మూడింటికి చూస్తే 140, పరవాలేదు. ఆ తర్వాత టీ కూడా ముట్టలేదు. ఆరింటికి 190, ఎనిమిదింటికి 240. టైప్ వన్ డయాబెటిస్ ఉన్న పిల్లల ఇళ్లలో ఈ వేళకి విచారణ మొదలవుతుంది: "ఏం తిన్నావ్? నిజం చెప్పు." పిల్ల బిక్కమొహం వేస్తుంది. చాలాసార్లు ఆ పిల్ల చెప్పేది నిజమే, ఏమీ తినలేదు.

ఆ చక్కెర కాలేయం వదిలింది. మనం తిన్నా తినకపోయినా మెదడుకి గ్లూకోజు అందుతూనే ఉండాలి కాబట్టి, కాలేయం దాన్ని రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో కిలో బరువుకి నిమిషానికి 2 మిల్లీగ్రాములని ఒక లెక్క. 50 కిలోల మనిషికి గంటకు 6 గ్రాములు, అంటే చెంచాడు చక్కెర పైచిలుకే. క్లోమం బాగున్నవాళ్లలో సన్నటి ధారగా వచ్చే ఇన్సులిన్ దీన్ని అదుపులో పెడుతుంది. టైప్ వన్‌లో ఆ ధార లేదు. దాని స్థానంలో వేసుకునేదే దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్. డాక్టర్లు బేసల్ అంటారు. రోజు మొత్తం వేసుకునే యూనిట్లలో దాదాపు సగం దీనిదే.

ఇన్సులిన్‌ని నెమ్మదిగా కరిగించడం పెద్ద తంటా. 1922లో టొరంటోలో తొలిసారి మనిషికిచ్చిన ఇన్సులిన్ కొన్ని గంటలే పనిచేసేది. 1936లో డెన్మార్క్‌లో హాగెడార్న్ బృందం చేపల వీర్యం నుంచి తీసిన ప్రోటమిన్ అనే ప్రోటీన్‌ని కలిపి దాన్ని నెమ్మదింపజేసింది. దాని వారసుడే ఎన్‌పీహెచ్. పేరులోని హెచ్ హాగెడార్నే. పలచటి పాలలా ఉంటుంది, వేసుకునే ముందు అరచేతుల మధ్య దొర్లించాలి. సరిగ్గా కలవకపోతే ఒకరోజు డోసు ఎక్కువ, మరునాడు తక్కువ. పైగా వేసిన నాలుగైదు గంటల నుంచి దాని బలం ఉచ్చస్థితికి వెళ్తుంది. ఉదయం వేసుకుంటే మధ్యాహ్నం భోజనం ఆలస్యం చేయడానికి లేదు. గడియారాన్ని బట్టి తినాలి.

2000లో వచ్చిన గ్లార్జిన్ అనే బేసల్ ఇన్సులిన్ వేరే దారి పట్టింది. సీసాలో అది ఆమ్లంగా, నీళ్లంత తేటగా ఉంటుంది. చర్మం కిందికి వెళ్లగానే ఆ ఆమ్ల గుణం పోయి సూక్ష్మమైన స్ఫటికాలుగా పేరుకుంటుంది. బుగ్గన పెట్టుకున్న పటికబెల్లంలా అవి గంటల తరబడి కరుగుతాయి. (షుగర్ వ్యాసంలో పటికబెల్లం ఏమిటని నవ్వుకోకండి, ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.)

ఆ కరగడం అందరిలో 24 గంటలూ సాగదు. తక్కువ యూనిట్లు వేసుకునేవాళ్లలో ముందే అయిపోవచ్చు. రాత్రి తొమ్మిదింటికి వేసుకున్నది మర్నాడు సాయంత్రం ఐదారింటికే పలచబడుతుంది. భోజనానికి వేసిన సూది బలం కూడా సరిగ్గా అప్పటికే తగ్గిపోతుంది. ఇక కాలేయానికి అడ్డేముంది? మొదట్లో చెప్పిన 240 అదే.

ఇక్కడ అందరికీ తోచే పరిష్కారం డోసు పెంచడం. నా దృష్టిలో అదే అసలు పొరపాటు. పెంచిన యూనిట్లు సాయంత్రం దాకా ఎంత సాగుతాయో గానీ, అర్ధరాత్రి మూడింటికి చెమటలు పట్టించి లో షుగర్ తెస్తాయి. పోనీ సూదిని ఉదయానికి మార్చుకుంటే, పలచబడే వేళ తెల్లవారుజాముకి జరుగుతుంది. అప్పుడేమో గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ అనే హార్మోన్ల ప్రభావంతో కాలేయం ఇంకా ఎక్కువ చక్కెర వదులుతుంది. అందుకే కొందరికి డాక్టర్లు అదే డోసుని పొద్దున కొంత, రాత్రి కొంతగా విడగొడతారు, లేదా 42 గంటలకు పైగా ఉండే డెగ్లుడెక్ అనే బేసల్‌కి మారుస్తారు.

అయితే ముందు తప్పు నిజంగా బేసల్‌దేనా అని తేల్చుకోవాలి. డాక్టరుకి చెప్పి, ఒంట్లో బాగున్న రోజు చూసుకుని ఒక పూట భోజనం మానేయాలి. అంతకుముందు వేసుకున్న భోజనం సూది ప్రభావం పోవడానికి నాలుగు గంటలు ఆగి, అక్కడి నుంచి గంటకో రెండు గంటలకో షుగర్ చూసుకోవాలి. 30 పాయింట్ల లోపే అటూ ఇటూ అయితే బేసల్ సరిపోయినట్టు. ఎక్కుతూ పోతే చాలడం లేదు, దిగుతూ పోతే ఎక్కువైంది. 70 కిందికి వస్తే పరీక్ష అక్కడితో ఆపి గ్లూకోజు తీసుకోవాల్సిందే.

దిగేవాళ్లూ తక్కువేం కాదు. ఇడ్లీ తిన్నాక షుగర్ ఎక్కుతోందని బేసల్ పెంచుకుంటూ పోయినవాళ్లు వీళ్లు. ఇడ్లీ పని టిఫిన్ సూదిది. ఆ పని బేసల్‌కి అప్పగిస్తే టిఫిన్ తిన్నన్నాళ్లూ అంకెలు చక్కగా కనబడతాయి, ఏకాదశి ఉపవాసం నాడు కళ్లు తిరుగుతాయి.

ఇన్సులిన్ తప్పే లేని సందర్భాలూ ఉంటాయి. నొప్పి తెలియదని పిల్లలు ఒకేచోట పొడిపించుకుంటే చర్మం కింద మెత్తగా గడ్డ కడుతుంది, అందులోంచి మందు ఒక్కోరోజు ఒక్కోలా ఒంటికి పడుతుంది. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేసిన పెన్ను మీదా నమ్మకం పెట్టుకోలేం.

ఇప్పుడు వారానికొక్క సూది చాలనే ఐకోడెక్ అనే బేసల్ వచ్చింది. 2024లో యూరప్‌లో అనుమతి దొరికింది. రోజూ పొడుచుకునేవాళ్లకి వినడానికి ఎంత హాయి! కానీ 2023లో ఫలితాలు వెలువడిన టైప్ వన్ ట్రయల్‌లో డెగ్లుడెక్ కంటే దీనితో లో షుగర్లు ఎక్కువ వచ్చాయి. ఆశ్చర్యమేం లేదు. సోమవారం వేసుకున్న సూదిని, గురువారం క్రికెట్ మ్యాచ్ ఆడితే షుగర్ దిగుతుందని ఎవరు వెనక్కి తీసుకోగలరు?