లాకప్ వీడితే వేడే

పెద్ద ఎస్‌యూవీ వెనక రెండున్నర టన్నుల కారవాన్ (ఇల్లులాంటి ట్రైలర్) తగిలించి ఘాట్ రోడ్డు ఎక్కిస్తుంటే, ఇంజిన్ వేడి చూపే ముల్లు నడిమధ్యన కదలకుండా నిలబడి ఉంటుంది. అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే సమయంలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ 125 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండొచ్చు. గేర్‌బాక్సు వేడిని చూపే మీటరు చాలా బండ్లలో అసలు ఉండదు. హెచ్చరిక దీపం ఉన్నా, అది వెలిగేది పరిస్థితి చెయ్యి దాటబోయే వేళకే.

గేర్‌బాక్సు వేడెక్కుతోంది అనగానే అందరి చూపూ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ మీదికి పోతుంది. కూలర్ అవసరమే. కానీ పుట్టిన వేడిని బయటికి తోలడం రెండో పని, పుట్టకుండా చూసుకోవడం మొదటి పని. అందుకు వేడి ఎక్కడ పుడుతోందో తెలియాలి.

ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. లోపల ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజిన్ తిప్పే చక్రం ఆయిల్‌ని విసురుతుంది, ఆ విసురుకి రెండోది తిరిగి గేర్లకు బలం అందిస్తుంది. ఈ రెండింటి మధ్య ఉండే స్టేటర్, తిరిగొచ్చే ఆయిల్‌ని దారి మళ్లించి, బండి కదిలే క్షణంలో టార్క్‌ని దాదాపు రెట్టింపు చేస్తుంది. ఆగి ఉన్న ట్రైలర్‌ని కుదుపు లేకుండా కదిలించగలగడం దీని చలవే. చిక్కల్లా, ఆ రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగవు. ఇంజిన్ వైపుది నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే గేర్ల వైపుది 2,200 తిరుగుతుంది. ఆ తేడాలో జారిన శక్తంతా ఆయిల్‌లోనే వేడిగా మిగిలిపోతుంది.

ఈ జారుడుకి విరుగుడుగా కన్వర్టర్ లోపలే ఒక క్లచ్ పెట్టారు. అది పట్టుకుంటే రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. దీన్నే లాకప్ అంటారు. పోలీసు లాకప్ లాంటిది కాదు, ఇందులో పడితేనే సుఖం.

దీని విలువ లెక్క వేస్తే బాగా తెలుస్తుంది. బండి 2.8 టన్నులు, ట్రైలర్ 2.5 టన్నులు, రోడ్డు ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు పైకి లేస్తోంది, వేగం గంటకు 70 కిలోమీటర్లు అనుకుందాం. ఎత్తు ఎక్కడానికే 60 కిలోవాట్లు కావాలి. టైర్ల ఒరిపిడి, గాలి తాకిడి కలుపుకుంటే మొత్తం 85 దాకా వస్తుంది. లాకప్ లేకుండా కన్వర్టర్ 12 శాతం జారుతుంటే, ఒక్క కన్వర్టర్‌లోనే 10 కిలోవాట్లకు పైగా వేడి పుడుతుంది. అంటే నీళ్లు కాచే 1,000 వాట్ల హీటర్లు పదింటిని ఆయిల్‌లో ముంచి స్విచ్చి వేసినట్టు. గేర్‌బాక్సులో ఉండే ఆయిల్ 10 లీటర్లు. చల్లబరిచే దారే లేకపోతే, ఆ ఆయిల్ ఒక డిగ్రీ పెరగడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. లాకప్ పడిందా, మిగిలేది గేర్లు, బేరింగులు, ఆయిల్ పంపు పుట్టించే వేడి మాత్రమే. అది మొత్తంలో మూడో వంతు కూడా ఉండదు.

కాబట్టి డ్రైవరు కనిపెట్టుకుని ఉండాల్సింది లాకప్‌ని. దాన్ని తెలుసుకోవడానికి ప్రత్యేక పరికరమేమీ అక్కర్లేదు, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటరు చాలు. నిలకడగా వెళ్తున్నప్పుడు యాక్సిలరేటర్‌ని కొద్దిగా నొక్కండి. బండి వేగం పెరగకముందే ముల్లు 200, 300 ఎగబాకితే లాకప్ లేనట్టు. ముల్లు బండి వేగంతో పాటే మెల్లగా కదిలితే లాకప్ పడి ఉన్నట్టు.

బరువు లాగుతున్నప్పుడు పై గేరులో వదిలేస్తే ఏమవుతుందంటే, చిన్న ఎత్తు రాగానే ఇంజిన్‌కి బలం చాలదు. లాకప్ వీడుతుంది, గేరు కిందికి పడుతుంది. కాస్త చదును రాగానే మళ్లీ పైకి. ఇలా ఆరు, అయిదు, ఆరు, అయిదు అని ఊగిసలాడుతూ పోతుంటే ప్రతి మార్పిడికీ లోపలి క్లచ్‌లు కాస్త కాస్త జారుతూ వేడి కక్కుతాయి. బరువు లాగేటప్పుడు నొక్కే టో మోడ్ బటన్ ఉన్నది ఇందుకే. అది గేరు మార్పిడిని ఆలస్యం చేస్తుంది, చాలా బండ్లలో లాకప్‌ని త్వరగా పట్టి ఎక్కువసేపు ఉంచుతుంది, దిగుడులో ఇంజినే బండిని నిదానింపజేసేలా (ఇంజిన్ బ్రేకింగ్) చూస్తుంది. ఆ బటన్ లేకపోతే మాన్యువల్ మోడ్‌లో ఒకటో రెండో గేర్లు తగ్గించి పట్టుకోవాలి. ఇంజిన్ 2,800 దగ్గర మోగుతుంటే బండిని హింసిస్తున్నట్టు కొందరికి బాధ. నిజానికి అప్పుడే ఆయిల్ పంపు, నీళ్ల పంపు ఎక్కువ పారిస్తాయి. 1,600 దగ్గర యాక్సిలరేటర్ తొక్కిపట్టి గుర్రుమనిపించడమే అసలు హింస.

వేగం తగ్గిస్తే వేడి తగ్గుతుందన్న మాట సగమే నిజం. 70 నుంచి 55కి దిగితే కావాల్సిన శక్తి తగ్గుతుంది. కానీ పై గేరులోనే ఉండి దిగితే లాకప్ వీడిపోయి వేడి పెరగొచ్చు. వేగంతో పాటు గేరూ దిగాలి. పాత నాలుగు, అయిదు గేర్ల బాక్సుల్లో లాకప్ పై గేర్లకే పరిమితం. ఎనిమిది, పది గేర్ల కొత్త వాటిలో కింది గేర్లలోనూ పడుతుంది, అందుకే అవి బరువుకి బాగా ఓర్చుకుంటాయి. లాకప్‌ని బలవంతంగా పట్టించే స్విచ్‌లు విడిగా దొరుకుతాయి. లోపలి ఆయిల్ ఒత్తిడి దానికి తగ్గట్టు పెరగకపోతే ఆ చిన్న క్లచ్ కాస్తా మాడిపోతుంది. తెలిసినవాళ్లు చేసిన పూర్తి కిట్ అయితే తప్ప జోలికి పోకపోవడమే మేలు.

అన్నిటికన్నా చెడ్డ చోటు హైవే కాదు, వాలుగా ఉన్న చోట ట్రైలర్‌ని రివర్స్‌లో పైకి నెట్టడం. లాకప్ ఉండదు, ఎదురుగాలి ఉండదు, కన్వర్టర్ దాదాపు పూర్తిగా జారుతుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఆయిల్ 30 డిగ్రీలు ఎగబాకిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే మట్టి, కంకర నేల మీద లో రేంజ్ (బండి మెల్లగా, ఎక్కువ బలంతో కదిలే గేరు అమరిక) వేయండి. కన్వర్టర్ మీద భారం సగానికి పైగా తగ్గుతుంది. ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండికి గట్టి తారు రోడ్డు మీద ఈ పని చేయకూడదు, ఇరుసులు బిగుసుకుపోతాయి.

ఎంత వేడి ఎక్కువ? చాలా గేర్‌బాక్సులకు 80 నుంచి 100 డిగ్రీలు మామూలు. బరువు లాగేటప్పుడు 110 వరకు కంగారు పడక్కర్లేదు. 120 దాటితే గేరో వేగమో మార్చాలి. 135 దగ్గర బండి ఆపాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య రెట్టింపవుతుందన్న మోటు లెక్క ఇక్కడా వర్తిస్తుంది. ఆయిల్ ఆక్సీకరణ చెంది, పల్చటి లక్కలాంటి పూత వాల్వులకు అంటుకుంటుంది. రబ్బరు సీళ్లు గట్టిపడి ఒత్తిడి లీకవుతుంది. ఒత్తిడి తగ్గితే క్లచ్‌లు జారతాయి, జారితే ఇంకా వేడి. అక్కడి నుంచి పతనం వేగంగా సాగుతుంది. ముందుగా కనిపించే లక్షణం, లాకప్ పట్టే వేళ రోడ్డు మీది గరుకు పట్టీల మీద నడిపినట్టు సన్నటి వణుకు.

ఆ అంకెలు చూడాలంటే బండి కంప్యూటర్ సమాచారం చదివే ఓబీడీ సాకెట్‌కి చిన్న బ్లూటూత్ పరికరం తగిలించి ఫోన్‌లో చూడొచ్చు. బండి మోడల్‌కి సరిపడే కోడ్ ఉన్న యాప్ ఉండాలి. సెన్సర్ ఎక్కడుందో కూడా తెలుసుకోండి. ఆయిల్ పాన్‌లో ఉంటే అది కలిసి చల్లబడ్డ ఆయిల్‌ని కొలుస్తుంది. కన్వర్టర్ నుంచి అప్పుడే బయటికొచ్చే ఆయిల్ దానికన్నా 20, 30 డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. పాన్‌లో 115 కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక కూలర్. చాలా బండ్లలో గేర్‌బాక్సు ఆయిల్, ఇంజిన్ రేడియేటర్ తొట్టిలోని గొట్టం గుండా పోతుంది. ఆ తొట్టిలోని కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 95 డిగ్రీలుంటే ఆయిల్ అంతకన్నా చల్లబడే ప్రశ్నే లేదు. అందుకే ముందు వైపు గాలి తగిలేలా పలకలు పేర్చిన అదనపు కూలర్ పెడతారు. వరస ముఖ్యం: గేర్‌బాక్సు, రేడియేటర్ తొట్టి, అదనపు కూలర్, మళ్లీ గేర్‌బాక్సు. తిరగేస్తే చల్లబడిన ఆయిల్‌ని కూలెంట్ మళ్లీ కాచి పంపుతుంది. ఏ పైపు బయటికొచ్చేదో తెలియకపోతే, చల్లటి బండి స్టార్ట్ చేసి చూడండి, ముందు వేడెక్కేదే అది. గొట్టం గేర్‌బాక్సు ఆయిల్ వేడికి, ఒత్తిడికి తయారైనదే ఉండాలి. పెట్రోలు పైపు ముక్క పెడితే కొన్నాళ్లకు పగిలి, ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. కూలర్ రెక్కల మధ్యలోంచి గుచ్చి బిగించే ప్లాస్టిక్ పట్టీలు వద్దు, అదురుకి అవే కూలర్‌ని కోసేస్తాయి. బ్రాకెట్లు వాడండి. పని అయ్యాక అరలీటరు, ఒక లీటరు ఆయిల్ అదనంగా పడుతుంది.

రేడియేటర్ తొట్టిలోని గొట్టం లోపల చిట్లితే కూలెంట్ ఆయిల్‌లో కలిసి గులాబీ రంగు మజ్జిగలా మారుతుంది. క్లచ్ పలకల మీది కాగితపు పొరను అంటించే జిగురుని ఆ కూలెంట్ వదిలించేస్తుంది. పాత బండ్లకు రేడియేటర్ మార్చడం గేర్‌బాక్సు మార్చడం కన్నా ఎంతో చవక.

ఆయిల్ జీవితకాలం వస్తుందన్న మాట బరువు లాగే బండికి చెల్లదు. ఎనిమిది గేర్ల బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తరచూ లాగే బండికి 50,000 దగ్గరే మార్చడం మంచిది. పాన్ బోల్టు విప్పితే సగం ఆయిలే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉంటుంది. మట్టం చూసేది ఇంజిన్ నడుస్తుండగా, తయారీదారు చెప్పిన ఆయిల్ వేడి దగ్గర. చాలావాటికి అది 30, 50 డిగ్రీల మధ్య. ఎక్కువ పోస్తే గేర్లు చిలికి నురగ తెప్పిస్తాయి. నురగ ఒత్తిడిని నిలపదు, వేడినీ మోయదు.

దారిలో అంకె 125 దాటిందనుకోండి. గేరు ఒకటి తగ్గించి, లాకప్ పడే వేగం పట్టుకోండి. ఏసీ ఆపండి, రేడియేటర్ ముందున్న దాని కండెన్సర్ వేడి గాలి వదలడం మానేస్తుంది. రెండు నిమిషాల్లో దిగకపోతే రోడ్డు పక్కన చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ని 1,200 దగ్గర తిరగనివ్వండి. కొన్ని గేర్‌బాక్సులు పార్క్‌లో కన్వర్టర్‌కి ఆయిల్ పారించవు, అందుకే న్యూట్రల్. ఇంజిన్ ఆపేస్తే పంపు ఆగుతుంది, మాడే ఆయిల్ మాడేచోటే ఉండిపోతుంది. 100కి దిగేదాకా పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఈలోగా బండి కింద ఒకసారి వంగి చూడండి, మాడిన వాసన గానీ ఎర్రటి చుక్కలు గానీ ఉంటే మళ్లీ బయల్దేరొద్దు.