నాణెం పగలదు కదా, ఇంత హంగామా ఎందుకు? వేలం నాణేల ప్యాకింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్ వేలంలో నాణేలు అమ్మడం మొదలుపెట్టిన కొత్తవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: “గాజు కాదు, పింగాణీ కాదు. లోహపు బిళ్ల. దానికి ఇంత హంగామా ఎందుకండీ?” మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఒక వెండి నాణేన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, ఉత్తరాల కవర్లో పెట్టి, అంటించి పంపేశాను. కొన్నవారికి కవరు చేరింది, నాణెం చేరలేదు. ఆయన పంపిన ఫొటోలో కవరు ఒక అంచున సన్నని చీలిక, సరిగ్గా నాణెం పట్టేంత. డబ్బు వాపసు ఇచ్చేశాను. ఆ ఫొటో మాత్రం ఇంకా దాచుకున్నాను.

అపోహ: పగలదు కాబట్టి నాణేనికి దెబ్బ తగలదు.

వాస్తవం: నాణేలు సేకరించే కలెక్టర్ డబ్బు పెట్టేది నాణెం పైపొర కోసం. లోహం విలువ చాలాసార్లు అందులో చిన్న భాగమే. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికన్ సెంట్ల కోసం 70 పాయింట్ల కొలమానం ఒకటి తయారుచేశాడు. దాన్నే కొద్ది మార్పులతో ఇప్పుడు అన్ని రకాల నాణేలకూ వాడుతున్నారు. అందులో 60 నుంచి 70 దాకా ఉన్న మెట్లన్నీ చలామణిలోకి వెళ్లని నాణేలవే. ఆ మెట్ల మధ్య తేడా ఎక్కడుంటుందంటే, బొమ్మవైపు ఉన్న ముఖం చెంప మీద ఒక గాటులో, ఖాళీగా మెరిసే చోట పడ్డ ఒక వెంట్రుకవాసి గీతలో. ఇంత చిన్న దెబ్బకు ఒక్క మెట్టు దిగినా కొన్ని నాణేల ధర బాగా పడిపోతుంది. పైగా బంగారం, వెండి మెత్తని లోహాలు. రెండు నాణేలను ఒకే సంచిలో వేసి పంపితే ఒకదాని అంచు రెండోదాని ముఖాన్ని దారి పొడవునా గీస్తూనే ఉంటుంది. దారిలో నాణేనికి పక్క నాణేన్ని మించిన శత్రువు లేదు.

అపోహ: బబుల్ ర్యాప్ ఎంత దిట్టంగా చుడితే అంత భద్రం.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. గాజు వస్తువుకు మెత్తదనం కావాలి. నాణేనికి అంతకంటే ముందు కావలసింది కదలకుండా ఉండటం. వెండి ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములు, బంగారం 19.3 గ్రాములు తూగుతాయి. నాణెం చూడ్డానికి ఇంతే ఉన్నా, పార్సిల్ కిందపడిన ప్రతిసారీ లోపల సుత్తిలా కొడుతుంది. బబుల్ ర్యాప్‌లో వదులుగా ఉన్న నాణెం కుదుపు కుదుపుకూ కొంచెం కొంచెంగా జరిగి, చివరికి పొర చివర నుంచి బయటికొచ్చి పెట్టె మూలలో చేరుతుంది. బుడగలు చక్కగా ఉంటాయి, నాణెం వాటి బయట ఉంటుంది!

నేను చేసే పద్ధతి ఇది. నాణెం ముందు దాని హోల్డర్లోకి, అంటే దాన్ని పట్టి ఉంచే తొడుగులోకి, వెళ్తుంది. ఆ హోల్డర్ కంటే నాలుగువైపులా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా ఉండేలా రెండు గట్టి అట్టముక్కలు కోసి, మధ్యలో హోల్డర్ పెట్టి, నాలుగు అంచులా టేపు వేస్తాను. టేపు అట్టకు మాత్రమే అంటాలి, హోల్డర్‌కు కాదు. ఆ అట్టల జతకు ఒక్క చుట్టు బబుల్ ర్యాప్. తర్వాత చిన్న పెట్టె, ఖాళీ లేకుండా నింపి. ఖరీదైన నాణెమైతే ఆ పెట్టె ఇంకో పెద్ద పెట్టెలోకి, మధ్యలో చుట్టూ కనీసం 5 సెంటీమీటర్ల నింపుడుతో. నలిపిన కాగితం వాడేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దారిలో అది అణిగిపోతుంది, ప్యాక్ చేసేటప్పుడు బిగువుగా ఉన్నది చేరేసరికి వదులవుతుంది. కాబట్టి పెట్టె మూత కొంచెం ఒత్తి మూయాల్సినంతగా నింపాలి.

మూసేశాక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. ఏమాత్రం చప్పుడొచ్చినా విప్పి మళ్లీ మొదలుపెట్టండి. గీతల భయం ఒక్కటే కాదు. గలగలమంటూ వెళ్లే పార్సిల్ లోపలేముందో దారి పొడవునా చాటింపు వేసుకుంటూ వెళ్తుంది.

క్యాప్సూల్, అంటే నాణెం పట్టే గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బీ, విషయంలోనూ ఇదే లెక్క. బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్ వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. దాన్ని చేతికందిన 24 మిల్లీమీటర్ల క్యాప్సూల్‌లో పెడితే బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం అంచులు కొట్టుకుంటాయి. నాణెం కొలత తెలియకుండా క్యాప్సూల్ కొనకండి.

అపోహ: ఒక్క నాణేనికి పార్సిల్ దేనికి, ఉత్తరంలా వెళ్లిపోతుంది.

వాస్తవం: నా మొదటి నాణెం వెళ్లింది అలాగే కదా. ఉత్తరాలను వేరుచేసే యంత్రాల్లో గంటకు 30,000 కవర్లు దాటించేవి ఉన్నాయి. ఆ వేగంలో కవరు బెల్టుల మధ్య ఇరుక్కుని, రోలర్ల చుట్టూ వంగుతూ పోతుంది. కాగితం వంగుతుంది, నాణెం వంగదు. కవరు మలుపు తిరిగే చోట నాణెం తిన్నగా వెళ్లాలని చూస్తుంది, కాగితాన్ని చీల్చుకుని బయటపడుతుంది. బయట పడకపోతే యంత్రంలో ఇరుక్కుని కవర్నే నుజ్జు చేస్తుంది. అట్ట పెట్టి పంపినా కవరు పలచగా ఉంటే ఆ యంత్రంలోకే వెళ్లొచ్చు. అందుకే ఎంత చౌక నాణేన్నయినా పార్సిల్ లెక్కలోకి వచ్చే మందంతోనే పంపుతాను.

అపోహ: హోల్డర్ ఏదైనా ఒకటే, నాలుగు రోజుల ప్రయాణమే కదా.

వాస్తవం: మీకు నాలుగు రోజులే. కొన్నవారు దాన్ని అదే హోల్డర్లో ఏళ్ల తరబడి ఉంచేస్తారు, అమ్మినాయన మంచిదే ఇచ్చి ఉంటాడన్న నమ్మకంతో. చేతికి మెత్తగా, జారుడుగా తగులుతూ కొత్త రెయిన్‌కోటు వాసన వేసే ఫ్లిప్‌లు (నాణెం పెట్టి మడిచే చిన్న ప్లాస్టిక్ కవర్లు) చాలావరకు పీవీసీతో చేసినవి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపిన రసాయనాలు కాలం గడిచేకొద్దీ బయటికి ఊరుతాయి. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి అది చెడేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఫలితంగా నాణెం మీద పచ్చటి జిగురు పూతలా మొదలవుతుంది. రాగి నాణేలకు ఇది ప్రాణాంతకం. వెండి నాణేలకూ తప్పదు, ఎందుకంటే వాటిలో చాలావాటికి రాగి కలిపే ఉంటారు. చూసినవాళ్లు మామూలు చిలుం అనుకుని వదిలేస్తారు. వదిలేసినకొద్దీ అది లోహాన్ని తింటూ పోతుంది.

మైలార్ అని పిలిచే పాలిస్టర్ ఫ్లిప్‌లు గట్టిగా, పెళుసుగా ఉంటాయి, నొక్కితే కరకరమంటాయి. చేతికి అంత హాయిగా ఉండవు, నాణేనికి మాత్రం హాని చేయవు. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ కూడా పరవాలేదు. పీవీసీ పూత కొత్తదైతే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీస్తే కరుగుతుంది. అస్సలు రుద్దకూడదు. నెయిల్ పాలిష్ రిమూవర్ అసిటోన్‌కు ప్రత్యామ్నాయం కాదు, అందులో నూనెలు, సువాసనలు కలుస్తాయి. అసిటోన్ ఇట్టే అంటుకునే ద్రవం కాబట్టి మంటకు దూరంగా, గాలి ఆడే చోటే ఈ పని. లోహాన్ని తినేసిన చోటు మాత్రం ఏం చేసినా తిరిగి రాదు.

మధ్యలో కిటికీ ఉన్న చదరపు అట్ట హోల్డర్లు వాడితే స్టేపుల్ పిన్నుల కాళ్లను ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. లేచి ఉన్న పిన్ను కాలు పక్క నాణేన్ని గీసిందంటే ఇక అంతే. రబ్బరు బ్యాండ్లు అసలే వద్దు. రబ్బరులోని గంధకం వెండి మీద నల్ల చార వేస్తుంది, అదీ బ్యాండు చుట్టిన గీత మీదుగానే. ఆ చార ఉన్న నాణేలు చూసి ఎవరి పనో ఊహించుకుంటూ ఉంటాను.

అపోహ: పంపేముందు కాస్త తోమి మెరిపిస్తే కొన్నవారు సంతోషిస్తారు.

వాస్తవం: వాపసు పంపిస్తారు. తోమిన నాణెం మీద సన్నని గీతలు వెలుతురులో తిప్పి చూస్తే ఇట్టే దొరుకుతాయి. వేలంలో పెట్టిన ఫొటోకూ, చేతికొచ్చిన నాణేనికీ పోలిక లేకపోతే తప్పు మీదే.

అపోహ: స్లాబ్‌లో ఉన్న నాణేనికి ప్యాకింగ్ అక్కర్లేదు.

వాస్తవం: నాణేలకు గ్రేడు వేసే సంస్థలు పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాక, గ్రేడు వేసి ప్లాస్టిక్ డబ్బీలో (దాన్నే స్లాబ్ అంటారు) సీలు చేసిన నాణేల వాడకం బాగా పెరిగింది. ఆ డబ్బీ చేతి స్పర్శ నుంచి కాపాడుతుంది. నీళ్లను, గాలిని పూర్తిగా ఆపదు. కిందపడితే మూలలు చిట్లుతాయి, ఒకదానికొకటి రాసుకుంటే మసకబారతాయి. లోపల నాణేనికి ఏమీ కాకపోయినా కొన్నవారికి కోపం రావడం న్యాయమే. స్లాబ్ పగిలిందంటే మళ్లీ గ్రేడింగ్‌కు పంపే ఖర్చు, ఎదురుచూపు, టెన్షన్ అన్నీ వాళ్లవే. ప్రతి స్లాబ్‌కూ విడిగా ఒక సంచి, రెండు స్లాబుల మధ్య ఒక అట్ట. టేపు నేరుగా స్లాబ్ మీద వేసేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: టేపు ఎంత ఎక్కువ వేస్తే అంత దొంగభయం తగ్గుతుంది.

వాస్తవం: అడ్డంగా అతుకు మీదా, రెండు పక్కలా అంచుల మీదా వేస్తే చాలు. నాకోసారి వచ్చిన పార్సిల్ మమ్మీలా ఉంది, కత్తి లేకుండా విప్పలేకపోయాను. ఆ కత్తి మొన క్యాప్సూల్ మీదుగా పోయింది. లోపలి అట్టలకు వేసే టేపు చివరను మడిచి చిన్న చెవిలా వదిలితే పట్టుకుని లాగేయొచ్చు. ఇంకో సంగతి. అమెరికా తపాలాలో రిజిస్టర్డ్ పార్సిల్‌కు ప్లాస్టిక్ టేపు ఒప్పుకోరు. అతుకుల మీద వేసే ముద్ర సిరా ఇంకాలి కాబట్టి కాగితపు టేపే ఉండాలంటారు. ఎవరి ద్వారా పంపుతున్నారో వాళ్ల నియమం ముందే చూసుకుంటే కౌంటర్ దగ్గర మళ్లీ ప్యాక్ చేసే పని తప్పుతుంది.

అపోహ: “విలువైన నాణేలు, జాగ్రత్త” అని రాస్తే జాగ్రత్తగా చూస్తారు.

వాస్తవం: చూస్తారు, చూడకూడనివాళ్లు కూడా. పెట్టె మీద నాణెం, బంగారం, వేలం అనే మాటలేవీ ఉండకూడదు. మీ దుకాణం పేరులో ఆ మాటలుంటే పంపినవారి చోట మీ సొంత పేరు రాయండి. 1958 నవంబరులో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ హోప్ వజ్రాన్ని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపింది రిజిస్టర్డ్ తపాలాలో, మామూలు గోధుమరంగు కాగితం చుట్టి. మొత్తం ఖర్చు 145.29 డాలర్లు. అందులో తపాలా రుసుము 2.44 డాలర్లే, మిగతాదంతా పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్‌కు. ఆ లెక్కలో ఏ భాగం ఎక్కువుందో చూడండి.

అపోహ: ట్రాకింగ్ నంబరు ఉంది కాబట్టి డబ్బుకు ఢోకా లేదు.

వాస్తవం: పెట్టె గుమ్మం దాకా చేరిందని మాత్రమే ట్రాకింగ్ చెబుతుంది. లోపల ఏముందో దానికి తెలియదు. విలువ ప్రకటించినా అది ఇన్సూరెన్స్ కాకపోవచ్చు. చాలా రవాణా సంస్థల నియమాల్లో నాణేలు, నగదు, విలువైన లోహాలు పరిహారం వర్తించని జాబితాలో ఉంటాయి. ప్రీమియం కట్టించుకున్నాక, పోయిన తర్వాత, ఆ చిన్న అక్షరాలు చూపిస్తారు. కాబట్టి ముందు ఆ జాబితా చదవండి. నాణేలు అందులో ఉంటే కలెక్షన్ వస్తువులకు విడిగా ఇచ్చే ఇన్సూరెన్స్ చూసుకోండి. అసలు ధరకు రెండింతలు ఇన్సూర్ చేసినా నిరూపించగలిగినంతే వస్తుంది. ఆ నిరూపణకు వేలం ముగిసిన ధర ఉన్న ఇన్‌వాయిస్, బొమ్మా బొరుసూ రెండువైపులా ఫొటోలు, ప్యాక్ చేస్తున్నప్పటి వీడియో కావాలి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆదుకున్నది బరువు రాసిన రసీదు. రెండు మోర్గాన్ డాలర్లు (పాత అమెరికన్ వెండి నాణేలు) పంపితే, పెట్టె ఖాళీగా వచ్చిందని కొన్నవారు ఫోన్ చేశారు. నిజం చెప్పొద్దూ, మొదట ఆయన్నే అనుమానించాను. ఒక్కో డాలరు 26.73 గ్రాములు. నేను కౌంటర్లో తూయించిన బరువు రసీదులో ఉంది. పెట్టెను ఆయనకు అప్పగించే ముందు రవాణా సంస్థవాళ్లు తూచిన బరువు దానికంటే అరవై గ్రాములకు పైగా తక్కువ. రెండు నాణేలు, వాటి క్యాప్సూళ్లు, లెక్క సరిపోయింది. అంటే ఖాళీ అయింది దారిలోనే. ఆయన ఆ పెట్టెను, టేపును పారేయకుండా ఉంచడం కూడా కలిసొచ్చింది. పరిహారం వచ్చింది. ఆయనకు క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

అపోహ: విదేశాలకు పంపేటప్పుడు “గిఫ్ట్” అని, తక్కువ విలువ వేసి రాస్తే గొడవ ఉండదు.

వాస్తవం: అది కస్టమ్స్‌కు అబద్ధం చెప్పడం. పార్సిల్ పోతే మీరు రాసిన ఆ తక్కువ విలువే మీకు ఎదురు తిరుగుతుంది. అంతర్జాతీయ తపాలాలో నాణేలు, బంగారం, వెండి ఇన్సూర్ చేసిన పార్సిళ్లలోనే వెళ్లాలన్నది సాధారణ నియమం, దేశాలవారీగా మినహాయింపులూ ఉంటాయి. కొన్ని దేశాలు తపాలాలో నాణేలను అసలే తీసుకోవు. కస్టమ్స్ కోడ్‌లలో కలెక్టర్ల నాణేలకు 9705 అనే శీర్షిక ఉంది. 2022 కూర్పులో వందేళ్లు దాటినవాటిని విడదీసి 9705.31 కింద, మిగతావాటిని 9705.39 కింద పెట్టారు. వయసు ఇంకోచోట కూడా అడ్డొస్తుంది. సాంస్కృతిక సంపదపై యునెస్కో చేసిన 1970 ఒప్పందం వందేళ్లు దాటిన నాణేలను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది, వాటి ఎగుమతికి అనుమతి అడిగే దేశాలు ఉన్నాయి. ఇవన్నీ పాట ముగిశాక కాదు, వేలంలో పెట్టకముందే చూసుకోవాలి. “అన్ని దేశాలకూ పంపుతాం” అని రాసేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అపోహ: పార్సిల్ చేరింది, గండం గడిచింది.

వాస్తవం: పెట్టె విప్పే ఆత్రంలో, నిలబడే క్యాప్సూల్ తెరుస్తారు. మూత టప్పున ఊడుతుంది, నాణెం నేల మీద పడుతుంది. ఊళ్లు దాటి వచ్చినప్పుడు తగలని దెబ్బ అప్పుడు తగులుతుంది. అందుకే ప్రతి పార్సిల్‌లోనూ పై పొరలోనే ఒక చిన్న చీటీ పెడతాను: “కూర్చుని, బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి, దాని మీద తెరవండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. పెట్టె వారం రోజులు పారేయకండి.”