పీఎస్ఏ అంకె ఏం చెబుతుంది?

అరవై దాటిన పాఠకుడొకరు ప్రొస్టేట్ క్యాన్సర్‌ను పసిగట్టేందుకు చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో తనకు 4.6 వచ్చిందనీ, 4 దాటితే బయాప్సీ (సూదితో గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) తప్పదా అనీ అడిగారు. ఆ అంకె ఎక్కడినుంచి పుడుతుందో తెలిస్తే జవాబు సగం దొరికినట్లే.

పీఎస్ఏ అనేది పురుషుల్లో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ఎంజైమ్. సెమినోజెలిన్ అనే ప్రోటీన్‌ను ముక్కలు చేసి, చిక్కగా ఉన్న వీర్యాన్ని పలుచన చేయడం దాని పని. వీర్యంలో అది మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటే, రక్తంలో నానోగ్రాముల్లో, అంటే సుమారు పది లక్షల రెట్లు తక్కువగా ఉంటుంది. నిండు చెరువుకూ కట్ట వెలుపలి నేలకూ ఉన్నంత తేడా అది. మనం కొలిచేది కట్ట కింద ఊరే నీటిని మాత్రమే. క్యాన్సర్ కణాలు గ్రంథి లోపలి అమరికను చెదరగొడితే ఊట పెరుగుతుంది. వయసుతో గ్రంథి ఉబ్బితే కట్ట పొడవు పెరిగినట్లు కాబట్టి అప్పుడూ పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ సోకినా, కెథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేసినా కొన్నాళ్లపాటు కట్టకు బీటలు పడినట్లే. గ్రంథి పెద్దదైనా అంకె పెరుగుతుంది కనుకే పీఎస్ఏను మిల్లీలీటర్లలో గ్రంథి పరిమాణంతో భాగించి చూస్తారు, ఫలితం 0.15 దాటితే అనుమానం బలపడుతుంది. ఉబ్బిన ప్రొస్టేట్‌ను తగ్గించే ఫినాస్టెరైడ్ మాత్రలు నెలల తరబడి వాడేవారిలో ఊట దాదాపు సగానికి పడిపోతుంది కనుక వారి 2.3ను 4.6గానే చదవాలి. ఈ మాత్రల సంగతి ల్యాబ్ రిపోర్టులో ఉండదు, రోగే చెప్పాలి.

ఒకనాటి తడి చూసి నీరటి ఊరు ఖాళీ చేయించడు, మళ్లీ వచ్చి చూస్తాడు. 4.6 విషయంలోనూ మొదటి పని కొన్ని వారాల తర్వాత అదే ల్యాబ్‌లో పరీక్ష తిరిగి చేయించడం. అప్పటికీ తగ్గకపోతే ఎంఆర్ఐ, అందులో అనుమానాస్పదమైన మచ్చ కనిపిస్తే బయాప్సీ. సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో ఈ చివరి మెట్టు దగ్గర ఆగిపోయేవారు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ భయానికి ఆధారం లేదు.

క్యాన్సర్ అని తేలినా వెంటనే ఆపరేషన్ అవసరమా? బ్రిటన్‌లో క్యాన్సర్ గ్రంథి దాటని 1643 మందిని శస్త్రచికిత్స, రేడియేషన్, పర్యవేక్షణ అనే మూడు వర్గాలుగా విభజించి పరిశీలించిన ప్రొటెక్ట్ అధ్యయనం 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. మూడు వర్గాల్లోనూ ఈ క్యాన్సర్‌తో మరణించినవారు వందకు ముగ్గురే. అయితే వ్యాధి శరీరంలో ఇతర భాగాలకు పాకడం పర్యవేక్షణ వర్గంలో 9.4 శాతం, తక్కిన రెండింటిలో సుమారు 5 శాతం. పర్యవేక్షణ వర్గంలో పీఎస్ఏ ఊటను మొదటి ఏడాది మూడు నెలలకొకసారి కొలిచేవారు. పన్నెండు నెలల్లో అది 50 శాతం పెరిగితే చికిత్స విషయం మళ్లీ ఆలోచించేవారు. చివరికి వారిలో 61 శాతం మంది ఏదో ఒక చికిత్స తీసుకున్నారు. బయాప్సీలో క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 8 లేదా అంతకు మించి ఉన్నవారికి మాత్రం ఈ నిదానం సాధారణంగా తగదు. మూత్రంలో రక్తం, ఎముకల్లో తగ్గని నొప్పి, మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం వంటివి కనిపిస్తే పీఎస్ఏ ఎంతున్నా ఆగకుండా వైద్యుణ్ణి కలవాలి.