చెరువు లోతు చెప్పే సిలికాన్ పొర

చిప్‌లు తయారుచేసే సిలికాన్ పలక, అంటే వేఫర్, సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. దాన్ని అడుగు నుంచి ఒకచోట తొలుచుకుంటూ వచ్చి, పైన 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర మాత్రం మిగిలేలా ఆపితే, నీటి లోతు చెప్పే ప్రెషర్ సెన్సర్‌కి కావలసిన డయాఫ్రం, అంటే ఒత్తిడికి వంగే పొర, తయారవుతుంది. మన తలవెంట్రుక కూడా ఇంతకంటే మందమే. మైక్రోసిస్టమ్ డిజైన్ (చిప్ మీద అతి చిన్న సెన్సర్లు, యంత్రాలు రూపొందించడం) మొదలుపెట్టే ఇంజినీరింగ్ విద్యార్థికి, అందులోనూ కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు చదివేవాళ్లకి, మొదటి పాఠంగా ఈ ఒక్క పొర చాలని నేను గట్టిగా నమ్ముతాను. సెన్సర్ల రకాలు బట్టీ పట్టడం తర్వాత చూసుకోవచ్చు. రొయ్యల చెరువు గట్టు మీద పెరిగిన పిల్లలకి ఒక మీటరు నీళ్లంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ మీటరు నీళ్లు దాదాపు 9.8 కిలోపాస్కల్స్ ఒత్తిడి పెడతాయి. మిల్లీమీటరు భుజం ఉన్న మన చదరపు పొర దానికి మైక్రాన్‌లో పదో వంతు వంగుతుంది, అంతే. కంటికి ఆనని ఈ వంపును కొలిచే దారి 1954లోనే దొరికింది. సిలికాన్‌ని ఒత్తినా, లాగినా దాని విద్యుత్ నిరోధం బాగా మారుతుందని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ చూపించారు. అందుకే పొర నాలుగు అంచుల్లో ఒక్కోదాని నడిమధ్యన, ఒత్తిడి ఎక్కువగా పడే చోట, నాలుగు రెసిస్టర్లు పెట్టి వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలుపుతారు. ఇంటర్‌లో లెక్కల కోసం చదివి వదిలేసిన బ్రిడ్జే! రెసిస్టర్ విలువ ఒక శాతం కూడా మారదు, కానీ బ్రిడ్జి ఆ కాస్త తేడానే పట్టుకుంటుంది.

ఇప్పుడు మాస్క్, అంటే వేఫర్‌ని ఎక్కడ తొలవాలో చూపే అచ్చు, గీయాలి. అసలు చదువు ఇక్కడుంది. మిల్లీమీటరు పొర కావాలి కాబట్టి మాస్క్‌లో మిల్లీమీటరు రంధ్రం గీస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ తొలిచే పని చేసే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం సిలికాన్‌ని నిట్టనిలువుగా తినదు. స్ఫటికంలో కొన్ని తలాల దగ్గర దాదాపు ఆగిపోతుంది, అందువల్ల గోడలు 54.7 డిగ్రీల వాలుతో వస్తాయి. 500 మైక్రాన్లు లోతుకి వెళ్లేసరికి రంధ్రం రెండు వైపులా కలిపి 707 మైక్రాన్లు కుంచించుకుపోతుంది. మిల్లీమీటరు గీసినవాడికి చివర మిగిలేది 0.3 మిల్లీమీటరు కూడా లేని పొర. పొరలో పుట్టే ఒత్తిడి భుజం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక సిగ్నల్ దాదాపు పన్నెండో వంతుకి పడిపోతుంది. గీయవలసింది 1.7 మిల్లీమీటర్లు. తయారీ తెలియకుండా డిజైన్ చేయలేమన్న సంగతి ఈ లెక్క ఒక్కసారి చేతితో చేస్తే ఒంటబడుతుంది.

నేర్చుకోవలసిన రెండో సంగతి, వస్తువు చిన్నదైన కొద్దీ ఏ బలం పెద్దదో తారుమారైపోవడం. పొడవు 100 రెట్లు తగ్గితే బరువు 10 లక్షల రెట్లు తగ్గుతుంది, తలతన్యత (నీటి ఉపరితలం సాగదీసిన పొరలా లాగే గుణం) బలం మాత్రం 100 రెట్లే తగ్గుతుంది. చెరువు నీటి మీద మునగకుండా పరుగెత్తే పురుగుని నిలబెట్టేది ఈ తలతన్యతే. చిప్ మీద కింద ఖాళీతో నిలవాల్సిన సన్నని తీగలకి అదే శత్రువు. ఆ ఖాళీ కోసం వాటి కింది సిలికాన్ ఆక్సైడ్‌ని కరిగించి, నీళ్లతో కడిగి ఆరబెడితే, ఆవిరయ్యే చివరి నీరు తీగని కిందికి లాగి నేలకి అంటిస్తుంది. మళ్లీ లేవదు. అందుకని నీటి బదులు కార్బన్ డయాక్సైడ్ నింపి, 31 డిగ్రీలు, 73 వాతావరణాల పీడనం దాటించి, ద్రవానికీ వాయువుకీ మధ్య ఉపరితలమే లేకుండా ఆరబెడతారు.

చిప్‌లు తయారుచేసే దుమ్ములేని గది, అంటే క్లీన్‌రూమ్, ప్రతి కాలేజీలో ఉండదు. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేలలోని సౌకర్యాలను బయటి విద్యార్థులకి తెరిచేందుకు ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) పేరుతో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది. అక్కడికి వెళ్లేలోపు మాస్క్, సిమ్యులేషన్, లెక్కలు ఇక్కడే పూర్తి చేసుకోవచ్చు.

చిప్‌ని డబ్బాలో పెట్టడం, అంటే ప్యాకేజింగ్, మాత్రం మన దగ్గరే బాగా నేర్చుకోగలం. ఉప్పునీరు లోహపు తీగల్ని తినేస్తుంది, పొర మీద పాకుడు పడుతుంది. అసలు చిక్కు ఇంకొకటి. నీటి అడుగున సెన్సర్ మీద నీటితో పాటు గాలి బరువు కూడా పడుతుంది. తుఫాను వచ్చి గాలి పీడనం 20 హెక్టోపాస్కల్స్ పడితే, శూన్యంతో పోల్చి కొలిచే సెన్సర్ చెరువులో 20 సెంటీమీటర్ల నీళ్లు తగ్గాయని చెబుతుంది, బయట కుండపోతగా వాన పడుతున్నా సరే. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమలో ఇది పుస్తకాల్లోని ఉదాహరణ కాదు. పొర వెనక్కి బయటి గాలి తెచ్చే సన్నని గొట్టం పెడితే ఈ తప్పు పోతుంది, కానీ గొట్టంలోకి తేమ వస్తుంది, దాన్ని పీల్చే గింజలు మార్చుతూ ఉండాలి. గొట్టం వద్దనుకుంటే గట్టు మీద రెండో సెన్సర్ పెట్టి తేడా తీయాలి, అప్పుడు రెండు సెన్సర్లూ ఎండకీ చలికీ ఒకేలా స్పందించాలి. ఈ రెంటిలో ఏది ఎంచుకుంటారో, ఎందుకో, సెమిస్టర్ చివర విద్యార్థి చేత అంకెలతో రాయించాలి.