ఉప్పాడ కోత: సముద్రం ఉపన్యాసాల్లో నది ఊసెందుకు రాదు?

కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు మళ్లీ కోసుకుపోయింది. ఆనవాయితీ ప్రకారం వెంటనే ఒక అవగాహన సదస్సు కూడా జరిగింది. స్లైడ్ల మీద భూతాపం, కరిగే మంచుకొండలు, పెరిగే సముద్ర మట్టం. ప్రశ్నల వేళకి వెనక వరసల్లోంచి చేపల వేటకెళ్లేవాళ్లు లేచి ఒకటే అడిగారు: గోదావరి మోసుకొచ్చే ఒండ్రు మట్టి సంగతి ఎందుకు చెప్పరు? అది ఇవాళ్టి అంశం కాదని వేదిక మీది నుంచి జవాబొచ్చింది. హాల్లో అరుపులు, ఆపైన వందన సమర్పణ. ఆ రగడ వీడియో ఇప్పుడు అందరి ఫోన్లలో తిరుగుతోంది.

కాటన్ దొర ఆనకట్ట, కోరంగి ఉప్పెనలు ఇక్కడ స్కూలు పిల్లలకీ తెలుసు కాబట్టి వదిలేద్దాం. ఈ గొడవ అర్థం కావాలంటే 2004 చివర్లో ఒక నెలన్నర రోజులు చూస్తే చాలు.

ఆ ఏడాది నవంబరులో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావుల వ్యాసం వచ్చింది. 1976 నుంచి 2001 దాకా ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, గోదావరి డెల్టా అంచున పెరిగిన నేల పోను నికరంగా 1,836 హెక్టార్లు సముద్రంలో కలిసిపోయిందని తేల్చారు. మన లెక్కలో నాలుగున్నర వేల ఎకరాలు. అసలు సంగతి రెండో లెక్కలో ఉంది. 1971-79 మధ్య డెల్టాకి చేరిన ఒండ్రు ఏటా సగటున దాదాపు 14.5 కోట్ల టన్నులు. 1990-98కి వచ్చేసరికి అది 5.7 కోట్ల టన్నులకి పడిపోయింది. ఎగువన కట్టిన డ్యాముల దగ్గరే మట్టి ఆగిపోతోందన్నది వాళ్ల అనుమానం. జాగ్రత్తపరులు కాబట్టి, డ్యాముల మాట శీర్షికలోకి తెచ్చినా దాని పక్కన బ్రాకెట్లలో ప్రశ్నార్థకం పెట్టారు.

ఆ ప్రశ్న డెల్టా ఊళ్లలోకి రావడానికి వ్యవధే దొరకలేదు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. ఆ భయం ముందు ఒండ్రు లెక్కలు ఎవరికి పడతాయి? అక్కణ్నుంచి తీరంలో జరిగే ప్రతి ఉపన్యాసమూ సముద్రం నుంచి ఎలా తప్పించుకోవాలన్న దాని మీదే. అల వస్తే ఎటు పరిగెత్తాలి, సైరన్ మోగితే ఏం చేయాలి, తుఫాను షెల్టర్ ఎక్కడుంది. 2007లో కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది (సముద్రం లేని హైదరాబాద్‌లో, అది వేరే సంగతి). చేపలు ఎక్కువగా దొరికే చోట్ల సమాచారం, అలల ఎత్తు సూచనలు కూడా అక్కణ్నుంచే వస్తున్నాయి. వీటి వల్ల ప్రాణాలు నిలిచాయి, కాదనలేం. కానీ ఆ నెలన్నర తర్వాత ఉపన్యాసాల్లో సముద్రం ఒక్కటే మిగిలింది. నది తప్పుకుంది. రెండూ వేర్వేరు శాఖల ఫైళ్లయిపోయాయి.

విచిత్రం ఏంటంటే, నదినీ సముద్రాన్నీ విడదీయకూడదని తీరంలో వాళ్లకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వరదల్లో ఎర్రనీరు మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి ఎంత దూరం పోతే వేట అంత బాగుంటుందని వాళ్ల లెక్క. పులస ఏట్లోకి ఎక్కేదీ ఆ ఎర్రనీటికే. వరద తగ్గాక మొగల దగ్గర కొత్తగా ఇసుక మేటలు తేలేవని, కొన్నేళ్లకి వాటి మీద మడ చెట్లు మొలిచేవని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు వరదొచ్చినా నీళ్లే తప్ప ఆ మట్టి రావట్లేదంటారు. శాస్త్రం చెప్పేదీ ఇదే. డెల్టా నేల తన బరువుకి తానే అణిగి కొద్దికొద్దిగా కుంగుతుంది. ఏటా వచ్చే కొత్త ఒండ్రే ఆ లోటు పూడుస్తుంది. అది ఆగితే సముద్రం ఒక్క అంగుళం పెరగకపోయినా ఒడ్డు వెనక్కి జరుగుతుంది. ప్రపంచంలో కుంగిపోతున్న డెల్టాల మీద 2009లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో గోదావరి, కృష్ణ రెండూ ఉన్నాయి.

మట్టి ఎక్కడ ఆగిందో చూడాలంటే 1970ల్లోకి వెళ్లాలి. పైఠన్ దగ్గర జాయక్‌వాడీ, నిజామాబాద్ వైపు శ్రీరాంసాగర్ రెండూ అసలు గోదావరికి అడ్డంగా ఆ దశాబ్దంలోనే పూర్తయ్యాయి. ఉపనదుల మీద కట్టినవి లెక్కలేనన్ని. ఎవరి పొలాలకి వాళ్లు నీళ్లు ఆపుకున్నారు, తప్పనడానికి లేదు. కాకపోతే ఆ నీళ్లలో ఉప్పాడ వాటా మట్టి కూడా ఉందని ఏ డ్యాము శంకుస్థాపనలోనూ ఎవరూ అనలేదు.

ఉప్పాడ గోదావరి మొగ దగ్గర లేదు కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, అది కాకినాడకి ఉత్తరాన ఉంది. కానీ నైరుతి గాలుల కాలంలో తీరం వెంబడి ఇసుక నడిచేది దక్షిణం నుంచి ఉత్తరానికే. గోదావరి పాయ గౌతమి తెచ్చిన ఆ ఇసుకే పేరుకుని పేరుకుని దాదాపు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అయింది. ఆ దీవి కాకినాడ పోర్టుని కాస్తోంది. దాని చాటు లేని ఉప్పాడ మీద అలలు నేరుగా విరుచుకుపడుతున్నాయి. 1990ల్లో వచ్చిన డీప్ వాటర్ పోర్టు, అలల్ని ఆపే దాని బ్రేక్‌వాటర్లు, ఇసుక తవ్వకం కూడా ఉత్తరానికి నడిచే ఆ ఇసుకకి అడ్డే. అంటే కాకినాడని కాపాడేదే ఉప్పాడకి ఎసరు పెడుతోంది. ఇంటి తర్వాత ఇంటిని సముద్రంలో పోగొట్టుకున్నవాళ్లకి ఇది ఏ హాల్లోనూ ఎవరూ వివరించలేదు.

అధికారుల మాటా చెప్పాలి. ఒడ్డున గోడ కట్టకపోతే రోడ్డూ ఇళ్లూ ఈ తుఫానుకే పోతాయి, ఒండ్రు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం అంటారు. జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్కలు కూడా చూపిస్తారు. వాటి ప్రకారం రాష్ట్ర తీరంలో కోతకి గురవుతున్నది 28.7 శాతం, మేట వేస్తున్నది దాదాపు సగం. సగటు బాగానే ఉంది. రాళ్లు పోశారు, జియో ట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) వేశారు, అవి చిరిగాయి, మళ్లీ రాళ్లు పోశారు. గోడ ఉన్నచోట ఆగిన అల గోడ చివర దాటి పక్క ఊరిని తింటుంది.

ఇప్పుడే ఇంత వేడి ఎందుకంటే పోలవరం. 2014లో జాతీయ ప్రాజెక్టు అయిన ఆ డ్యాము పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ధవళేశ్వరం బ్యారేజీని పక్కన పెడితే, సముద్రం చేరేలోపు గోదావరికి పడుతున్న ఆఖరి పెద్ద కట్ట అదే. ఇంద్రావతి, ప్రాణహిత, శబరి తెచ్చే మట్టంతా దాన్ని దాటుకునే రావాలి. నిర్వాసితుల గురించి, ఎత్తు గురించి, ఖర్చు గురించి జరిగినన్ని చర్చల్లో పదో వంతు కూడా దిగువన ఒడ్డు ఏమవుతుందన్న దాని మీద జరగలేదు. హాల్లో లేచి నిలబడ్డవాళ్లు అడగబోయింది అదే.

ఇంకో ఉపన్యాసం పెడతామని నిర్వాహకులు అంటున్నారు. మత్స్యకారులు మాత్రం షరతు పెట్టారు. పోలవరం దగ్గర కేంద్ర జల సంఘం నదిలో ఒండ్రుని కొలుస్తుంది. ఆ అంకెలు ఏడాదివారీగా, తెలుగులో, మొదటి స్లైడ్ మీదే ఉండాలట.