షాట్‌ఫైరర్ దగ్గరి పిడి, బాంబుకు వేసిన తాళం

మా మేనమామ భూపాలపల్లి బొగ్గుబాయిలో మందు పెట్టి బొగ్గును పేల్చే షాట్‌ఫైరర్‌గా పనిచేశారు. మందు పేల్చే ఎక్స్‌ప్లోడర్ పెట్టెకు ఊడదీయడానికి వీలైన పిడి ఒకటి ఉంటుంది. షిఫ్టు ఉన్నంతసేపూ దాన్ని షాట్‌ఫైరర్ తన దగ్గరే ఉంచుకోవాలి, ఎంత ఆప్తుడికైనా ఇవ్వరాదు. డిటోనేటర్లను, మందును వేరువేరు పెట్టెల్లో మోసుకుపోతారు. తీగలు కలిపి, మనుషులంతా దూరం జరిగాక, చివరి క్షణంలో మాత్రమే ఆ పిడి పెట్టెలోకి చేరుతుంది. ఇన్ని నియమాలు పెట్టారంటే మీ మీద నమ్మకం లేకనేనా అని చిన్నప్పుడు అడిగాను. "నా మీద గాదు అల్లుడా, చెయ్యి మీద. షిఫ్టు ఆఖర్ల ఎవల చెయ్యైనా ఒక్కతీరే ఉంటది" అన్నారు.

అణ్వాయుధాల భద్రత గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ పిడి గుర్తుకొస్తుంది. అణుబాంబు తయారుచేసేవారి ముందు రెండు షరతులు ఉంటాయి: ఆజ్ఞ వచ్చినప్పుడు అది తప్పక పేలాలి, ఆజ్ఞ లేనప్పుడు ఎన్నడూ పేలకూడదు. మొదటి షరతు సైన్యానికి ప్రాణం, రెండోది ఆ బాంబు పక్కన బతికే జనానికి ప్రాణం. ఒకదాన్ని బిగించినకొద్దీ రెండోది వదులవుతుంది కాబట్టి, ఏది ఎంత బిగించాలన్న నిర్ణయాన్ని ఒక్క సైన్యానికే వదిలిపెట్టలేము.

1960 చివర్లో అమెరికా చట్టసభల అణుశక్తి సంయుక్త సంఘం సభ్యులు ఐరోపాలోని నాటో స్థావరాలను చూడబోయినప్పుడు లాస్ అలమాస్ అణ్వాయుధ ప్రయోగశాల శాస్త్రవేత్త హెరాల్డ్ ఆగ్న్యూ కూడా వెంట ఉన్నారు. ఒకచోట జర్మన్ వైమానిక దళపు విమానాలకు అమెరికా అణుబాంబులు తగిలించి ఉండగా, వాటికి కాపలాగా రైఫిల్ పట్టుకొని నిలబడింది ఒకే ఒక్క అమెరికన్ సైనికుడు. ఆ దృశ్యం చూసి వారు కలవరపడ్డారు. సరైన సంకేతాంకం ఇస్తే తప్ప బాంబులోని విద్యుత్ మార్గం పూర్తికాకుండా ఆపే తాళాన్ని అమెరికాలోని శాండియా అణ్వాయుధ ప్రయోగశాల ఇంజనీర్లు రూపొందించగా, 1962 జూన్‌లో అధ్యక్షుడు కెనడీ ఆ తాళాలు అమర్చాలని ఆదేశించారు. యుద్ధసమయంలో సంకేతాంకం అందకపోతే ఆయుధం వృథా అవుతుందని సైనికాధికారులు అభ్యంతరం చెప్పినా తాళం పడింది. పౌరప్రతినిధుల సందేహమే దాన్ని వేయించింది.

అయితే తాళం మనిషిని ఆపుతుంది గానీ నిప్పును, పిడుగును ఆపలేదు. 1961 జనవరి 24న నార్త్ కరోలినాలోని గోల్డ్స్‌బరో దగ్గర ఒక బి-52 విమానం గాలిలోనే విరిగిపోయి రెండు హైడ్రోజన్ బాంబులు కిందపడ్డాయి. ఒక్కొక్కటి హిరోషిమా బాంబుకు సుమారు 250 రెట్ల శక్తి గలది. వాటిలో ఒకదాని పారాచూట్ తెరుచుకోవడంతో, ఎవరో కావాలని వదిలినట్టుగానే, పేలుడుకు ముందు జరగవలసిన పనులు ఒకదాని వెంట ఒకటి జరుగుతూ పోయాయి. చివరికి ఆ బాంబుకూ మహావిపత్తుకూ మధ్య ఒక సాధారణ స్విచ్ మాత్రమే నిలిచిందని శాండియా ఇంజనీరు ఒకరు 1969లో రాశారు. ఆ పత్రం ప్రజల కంటబడింది 2013లో.

ఇలాంటి ప్రమాదాలను దృష్టిలో పెట్టుకొని 1970లలో తెచ్చిన ఉపాయం చాలా తెలివైనది. పేలుడు పుట్టించే భాగాలను ఒక బలమైన కవచంలో మూసి, ఒక ప్రత్యేక క్రమంలో వచ్చే సంకేతానికి మాత్రమే తెరుచుకునే ద్వారం పెడతారు. పిడుగు గానీ, తీగలు కలిసి పుట్టిన విద్యుత్తు గానీ ఆ క్రమాన్ని అనుకరించలేవు. అదే కవచంలో, పేలుడుకు తప్పనిసరి అయిన ఒక భాగాన్ని వేడికి త్వరగా చెడిపోయేలా ఎంచుకుంటారు. మంటల్లో ఆ ద్వారం దెబ్బతినేలోపే ఈ బలహీన భాగం చచ్చిపోయి బాంబును పనికిరాకుండా చేస్తుంది.

ఇది బోరు మోటారుకు ఫ్యూజు చేసే పనే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని స్టార్టర్ డబ్బాలో లావు తీగ చుట్టే రైతులను మా పల్లెల్లో ఎందరినో చూశాను. వరి ఎండుతుంటే మోటారు ఆగకూడదన్న ఆరాటం అది, అర్థం చేసుకోదగినదే. కానీ లోడు పెరిగిన రోజున తీగ నిలుస్తుంది, వైండింగ్ కాలిపోతుంది. ఆజ్ఞ వచ్చినప్పుడు బాంబు పేలకపోతే ఎలా అన్న సైన్యం ఆరాటమూ ఇలాంటిదే. శాండియాకు చెందిన బాబ్ ప్యూరిఫోయ్ పాత బాంబులకు కొత్త రక్షణలు అమర్చాలని, లేదా వాటిని తొలగించాలని 1970ల నుంచి పోరాడినా ఏళ్ల తరబడి వాయిదాలే ఎదురయ్యాయి. 1990లో భౌతిక శాస్త్రవేత్త సిడ్నీ డ్రెల్ అధ్యక్షతన పనిచేసిన సంఘం ఆ ఆందోళన న్యాయమైనదేనని తేల్చింది. రహస్యం ముసుగు లేకపోతే అంత కాలం పట్టేది కాదని నా నమ్మకం.

మన సంగతికి వస్తే, 2003 జనవరిలో ప్రకటించిన విధానం ప్రకారం అణ్వాయుధ ప్రయోగానికి అనుమతించే అధికారం ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిదే. ఇది మంచి నియమం. కానీ 2022 మార్చి 9న ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో పడింది. అందులో అణ్వాయుధం లేదు, ప్రాణనష్టం జరగలేదు. విషయాన్ని పాకిస్తాన్ ముందుగా లోకానికి చెప్పింది, మన ప్రభుత్వ ప్రకటన 11న వచ్చింది. అది సాంకేతిక లోపమని మొదట చెప్పారు. ఆగస్టులో, నిర్దేశించిన పద్ధతిని పాటించనందుకు ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించినట్టు ప్రకటించారు. యంత్రం తప్పిందా, మనిషి తప్పాడా, ఆ మనిషిని ఆపవలసిన తాళం ఏమైంది అని హనుమకొండలో ఒక ఇంటర్ విద్యార్థి అడిగితే, సైన్యాన్ని అవమానించావని అతని నోరు మూయించడం నాకు బాధ కలిగిస్తుంది. అతను అడుగుతున్నది మా మేనమామ చెప్పిన చెయ్యి గురించే.

భారత్, పాకిస్తాన్ 1992 నుంచి ప్రతి జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలను ఒకరికొకరు ఇచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం ముగిసిన తర్వాతి జనవరిలోనూ ఇచ్చుకున్నాయి. తుపాకులు ఎక్కుపెట్టిన పొరుగుదేశానికి అంత చెప్పగలిగినవారు, క్షిపణి దగ్గర ఏ పద్ధతి తప్పిందో, ఇప్పుడు దాన్ని ఎలా సరిచేశారో సొంత ప్రజలకు కొంతైనా చెప్పగలరు.