‘ఇక ఎరుపే రావాలి’ అనుకునేవారికి: రూలెట్‌పై అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఉద్దానం నుంచి ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని పలాసలో మా ఇంటికి వచ్చింది. జీడిపిక్కలు అమ్మగా వచ్చిన డబ్బును ఆ కుర్రవాడు ఫోనులో రూలెట్ ఆడి పోగొట్టాడు. తిరిగే అంకెల చక్రంలో బంతి ఏ అంకె మీద, ఏ రంగు గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట అది. “బాబూ, నువ్వు ఆ ఆటలోనే పనిచేశావు కదా, పోయింది మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పు” అని అడిగింది. అతని చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. పేజీల నిండా అంకెలు, పక్కన ఎరుపో నలుపో గుర్తులు. గోవాలోనూ, ఆ తరువాత ఓడ మీదా కలిపి తొమ్మిదేళ్లు క్యాసినో రూలెట్ బల్ల దగ్గర డీలర్‌గా, అంటే చక్రం తిప్పి బంతి వేసేవాడిగా ఉన్నాను. ఇలాంటి పుస్తకాలు ఎన్ని చూశానో లెక్క లేదు. ఊరికి తిరిగి వచ్చాక మా చుట్టుపక్కల చూసినవాటిలో ఇది నాలుగోది. అందుకే రాస్తున్నాను.

అపోహ: నలుపు వరసగా వస్తోందంటే, ఇక ఎరుపు రావాల్సిందే.

వాస్తవం: అలాంటి బాకీ ఏదీ చక్రానికి లేదు. ఒక సున్నా ఉన్న చక్రంలో 37 గళ్లు. 18 ఎరుపు, 18 నలుపు, ఒకటి ఆకుపచ్చ సున్నా. పది సార్లు నలుపు పడినా, అసలు పడకపోయినా, తరువాతి బంతికి ఎరుపు అవకాశం 37లో 18, అంటే 48.65 శాతమే. 1913 ఆగస్టు 18న ఐరోపాలోని మాంటెకార్లో క్యాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. జనం ఎగబడి ఎరుపు మీద పెడుతూ పోయారు, పెట్టిందల్లా పోయింది. మన జాతరల్లో గుండాట చుట్టూ మూగేవాళ్ల నోటా ఇదే మాట: ఇంతసేపు పడని బొమ్మ ఇప్పుడు పడి తీరాలని.

“మరి చివరికి సగం సగం కావాలి కదా అన్నయ్యా, సగటు అనేది ఒకటుంటుంది కదా” అన్నాడు ఆ కుర్రవాడు. డిగ్రీ చదివినవాడు. తప్పు పట్టలేను, చాలామందిని ముంచేది సగం తెలిసిన ఈ సగటే. సున్నాను కాసేపు పక్కన పెట్టి చూడండి. మొదటి పది సార్లూ నలుపే పడింది. తరువాత వెయ్యి సార్లలో 500 ఎరుపు, 500 నలుపు పడ్డాయనుకుందాం. మొత్తం 1,010లో నలుపు 510, అంటే 50.5 శాతం. సగానికి దగ్గరపడింది. అయినా ముందు ఎక్కువ వచ్చిన ఆ పది నలుపులు అలాగే ఉన్నాయి, వాటికి బదులుగా పది ఎరుపులు రాలేదు. వెయ్యిలో కలిసిపోయి కనబడకుండా పోయాయి, అంతే. సగటు కుదిరేది ఇలాగే. మీ డబ్బు మీకు తిరిగి ఇప్పించే పని సగటు చేయదు.

దీని కడుపున పుట్టిందే రెట్టింపు పందెం. 100 పెట్టి ఓడితే 200, మళ్లీ ఓడితే 400, గెలిచేదాకా అలా పెంచుకుంటూ పోవడం. ఎప్పుడో ఒకసారి గెలుస్తాం కదా అన్నది ధీమా. కాగితం మీద వేసి చూడండి. ఎనిమిది సార్లు వరసగా ఓడితే 25,500 రూపాయలు పోయినట్టు. తొమ్మిదో పందానికి 25,600 కావాలి. అది గెలిచినా చేతికి మిగిలే లాభం 100 రూపాయలే. పైగా క్యాసినోలో ప్రతి బల్లకూ గరిష్ఠ పందెం ఉంటుంది, ఆ గీత దాటి పెట్టనివ్వరు. ఎనిమిదో ఓటమి దగ్గర చేతిలో డబ్బు అయిపోతుందనుకుందాం. గెలిచేదాకానో, ఎనిమిది సార్లు ఓడేదాకానో ఆడేదాన్ని ఒక విడత అందాం. అలా ఓడే అవకాశం సుమారు 207 విడతల్లో ఒకటి. 206 సార్లు వందేసి గెలిస్తే 20,600. ఒక్కసారి ఓడితే 25,500. తేడా మీరే చూసుకోండి. ఈ 207 విడతలకు దాదాపు 420 సార్లు బంతి తిరగాలి. గంటకు నలభై సార్లు తిప్పే బల్ల దగ్గర అది పదిన్నర గంటల ఆట. అర నిమిషానికోసారి తిరిగే ఫోనులో మూడున్నర గంటలు చాలు. ఆ కుర్రవాడికి ఒక రాత్రి పట్టింది.

ఓడలో ఒక పెద్దాయన రోజూ నా బల్ల దగ్గరే కూర్చునేవాడు. గెలిచిన ప్రతిసారీ నావైపు చూసి నవ్వేవాడు. చివరి రాత్రి ఆయన రెట్టింపు చేసుకుంటూ పోయి బల్ల పరిమితి దగ్గర ఆగిపోయాడు. ఇంకో పందెం పెట్టనివ్వమని బతిమాలాడు. నియమం చెప్పడం తప్ప నేను చేయగలిగింది లేదు. ఆయన చేతులు వణకడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కరలేదు.

పందేలు తెలివిగా కలిపితే లాభమట. ఒక్క అంకెకు 35 రెట్లు, రెండింటి నడుమ పెడితే 17, మూడింటి వరసకు 11, నాలుగింటి మూలకు 8, ఆరింటికి 5, డజనుకు 2 రెట్లు ఇస్తారు. మొత్తం 37 గళ్ల మీదా ఒక్కో చిప్ (డబ్బుకు బదులు పెట్టే బిళ్ల) పెట్టండి, తిరిగి వచ్చేవి 36: గెలిచిన 35, అక్కడ పెట్టిన ఒకటి. ఆ ఒక్క చిప్పే క్యాసినో బతుకుతెరువు, 2.70 శాతం. ఎలా కలిపినా అది మారదు. రెండు సున్నాలున్న అమెరికా చక్రంలో అది 5.26 శాతం. అందులో 0, 00, 1, 2, 3 కలిపి పెట్టే పందెం అయితే 7.89 శాతం. కొన్ని ఐరోపా బల్లల మీద సున్నా పడినప్పుడు ఎరుపు, నలుపు పందేల్లో సగం తిరిగి ఇస్తారు, అక్కడ 1.35 శాతం. తగ్గేది నష్టమే, లాభంగా మాత్రం మారదు.

డీలర్ కోరుకున్న గడిలో బంతి వేస్తాడట. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా నా వల్ల కాలేదు. చక్రం ఒకవైపు, బంతి దానికి ఎదురుగా తిరుగుతాయి. బంతి జారేటప్పుడు చుట్టూ ఉన్న లోహపు దిమ్మలకు తగిలి ఎటు ఎగురుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఇది దెయ్యం ఆటట. ఒకటి నుంచి 36 వరకు కూడితే 666 వస్తుంది, నిజమే. పాతకాలపు క్యాసినో యజమాని ఫ్రాంసువా బ్లాంక్ దెయ్యంతో ఒప్పందం చేసుకున్నాడన్న కట్టుకథ దాన్ని పట్టుకునే అల్లారు. బ్లాంక్ సోదరులు చేసింది వ్యాపారం. 1843లో జర్మనీలోని హోంబుర్గ్‌లో ఒక్క సున్నా చక్రం పెట్టి, రెండు సున్నాల పోటీదారుల నుంచి జనాన్ని లాక్కున్నారు.

టెలిగ్రామ్‌లో రేపటి అంకెలు అమ్మేవాళ్ల గురించి రాయాలంటేనే ఒళ్లు మండుతుంది. అంకె తెలిసినవాడు మీకు అయిదు వందలకు ఎందుకు అమ్ముతాడు? ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేల ఆటలు 2020 నుంచి నిషిద్ధం. 2025లో కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. దొంగచాటుగా నడిచే యాప్‌లో కనిపించే చక్రం నిజంగా తిరుగుతోందో లేదో అడగడానికి కూడా దిక్కు లేదు.

డబ్బు పోగొట్టుకున్నవాళ్లను తిట్టకండి. వాళ్లు అప్పటికే నిద్ర లేకుండా ఉంటారు. మరీ కుంగిపోతే 14416కు ఫోను చేయించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

ఆ సాయంత్రం కుర్రవాడి పుస్తకంలోనే చివరి పేజీలో పై లెక్కంతా అతని చేతే వేయించాను. 25,500 అని తనే రాసి, “అంటే అది ఇక రాదా అన్నయ్యా?” అన్నాడు. రాదని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్నకు ఇంకా తెలియదట, తానే చెబుతానన్నాడు, చెప్పేటప్పుడు నన్ను పక్కన ఉండమన్నాడు. మరునాడు పొద్దున్నే బస్సు ఎక్కి వాళ్ల ఊరు వెళ్లాను.